విశాఖపట్నం నుంచి జగదల్‌పూర్: గంటా ఇరవై ఆరు నిమిషాలు

ఆ రోజు మధ్యాహ్నం పన్నెండుంపావుకి "ఇంక రాదు, పశువులను వదిలెయ్" అని చెప్పింది నేనే. విమానం పన్నెండూ ఇరవై రెండుకు వచ్చింది. అప్పటికి పొగ ఆరిపోయింది, మైదానం నిండా ఆవులున్నాయి. జరిగినదానికి నింద సుక్కయ్య మీద పడింది. పడుతుంటే నేను పక్కనే నిలబడి చూశాను.

ఇంత చెప్పాక మిగతాది చదవడం మీ ఇష్టం. సర్వే పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఎవరైనా ఉంటే మాత్రం చదవండి. నా జీతం ఎప్పుడు పెరిగిందో, ఏ ఫైలు ఎవరి బల్ల మీద పడుకుందో ఇందులో ఉండదు. ముప్పై ఏళ్ల పనిలో నన్ను నిజంగా మనిషిని చేసినవి రెండు మూడు సంగతులే. అవీ నా తప్పులే.

దూరం అడిగితే పూట చెప్తారు

మాది భోపాల్‌పట్నం. నాన్నకు ఉప్పు, బట్టల దుకాణం. గల్లా దగ్గర కూర్చోవడం నాకు చేతకాలేదు. చేతిరాత బాగుందన్న ఒక్క కారణంతో బస్తర్ సంస్థానంలో నక్షాలు గీసే పనికి జగదల్‌పూర్ వచ్చాను. రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్న రోజులవి.

మా పనిలో రెండు రకాల మనుషులుండేవారు. కొందరు అడవిలో కొలత గొలుసు లాగి, గుట్టలెక్కి కొలతలు తెచ్చేవారు. కొందరు గదిలో కూర్చుని వాటిని కాగితం మీదికి ఎక్కించేవారు. నేను గదిలోవాణ్ని. గదిలోవాళ్లకు ఒక జబ్బు ఉంటుంది. వాగు గీత తామే గీస్తారు కాబట్టి వాగును తామే తవ్వామనుకుంటారు. మీకూ పట్టుకుంటుంది, జాగ్రత్త.

మొదటి ఏడాది నన్ను కూడా ఒకసారి ఉసూరు వైపు పంపారు. దారిలో ఒక ముసలాయనను బాసగూడ ఎంత దూరమని అడిగాను.

"పోతే ఒక పూట. వస్తే పొద్దంత."

"పోయినా వచ్చినా తోవ ఒకటే గద తాతా?"

"తోవ ఒకటే. వచ్చేటప్పుడు నెత్తి మీద ఉప్పు మూట ఉంటది గద."

ఆ మాట కచేరీలో చాలా ఏళ్లు హాస్యానికి చెప్పుకున్నాను. అందరూ నవ్వేవారు. దూరం ఒకటి, దానికి పట్టే కాలం ఇంకొకటి అని ఆ ముసలాయన నాకు ఉచితంగా చెప్పాడని ఎవరికీ తట్టలేదు. నాకు అసలే తట్టలేదు.

నేను నేర్పిన అక్షరాలు

సుక్కయ్యది తర్రెం. దోర్ల తెగ మనిషి, ఇంచుమించు నా వయసే. గొలుసు లాగే రోజుకూలీగా చేరాడు. ఇంటి మనుషులతో దోర్లి, సంతలో తెలుగు, జగదల్‌పూర్ బజారులో హల్బీ, పైఅధికారి సాహెబు ముందు హిందీ మాట్లాడేవాడు. ఏ భాషలోనైనా అందరినీ నువ్వు అనేవాడు. దుకాణదారు కొడుకునని నన్ను మాత్రం పేరు పెట్టి పిలవకుండా "సావుకారి" అనేవాడు.

అతని అసలు పని గుట్టల మీద. పది పన్నెండు మైళ్ల దూరంలో ఉన్న రెండు గుట్టల మధ్య కోణం కొలవాలంటే, అవతలి గుట్ట మీద ఒక మనిషి నిలబడి పొగ పెట్టాలి. ఆ పొగ మొదలును దుర్బిణిలో పట్టుకుని కొలుస్తారు. సుక్కయ్య బైలడీల శిఖరాల మీద నెలలకు నెలలు ఒంటరిగా ఉండి పొగ పెట్టినవాడు.

కొలతలు తెచ్చి ఇచ్చినప్పుడు నా బల్ల దగ్గర నిలబడి తలకిందులుగా నక్షా చూసేవాడు.

"సావుకారి, ఈ గీత ఏంది?"

"వాగు."

"ఎండకాలం వాగా, వానకాలం వాగా?"

నాకు జవాబు తెలిసేది కాదు. నవ్వేవాణ్ని. అప్పట్లో అతనంటే ఇష్టం ఉండేది. ఒక వానాకాలం పని లేక కూర్చున్నప్పుడు అక్షరాలూ అంకెలూ నేర్పాను. నాలుగు నెలల్లో పట్టేశాడు. ఏడాది తిరిగేసరికి నా నక్షాల్లో తప్పులు చూపించడం మొదలుపెట్టాడు. దాచుకోకుండా చెప్పాలంటే, అతనికి చదువు రానంతకాలం నాకు అతని మీద ప్రేమ. చదువు వచ్చాక కడుపుమంట.

మా పైఅధికారి నాగపూర్ వైపు నుంచి వచ్చిన మనిషి. చురుకైనవాడు, తొందర ఎక్కువ, పక్షపాతం తక్కువ. పొద్దున గదిలోకి రాగానే "సుక్కయ్య కహాఁ హై?" అని అడిగేవాడు. ఆరేళ్లుగా అదే గదిలో గీస్తున్న నా పని చూసి "ఠీక్ హై" అనేవాడు, అంతే. ఒకరోజు తన పాత దిక్సూచిని సుక్కయ్యకు ఇచ్చేశాడు. ఆ దిక్సూచి నాకు అక్కర్లేదు, గదిలో కూర్చునేవాడికి దానితో పనేముంది? అయినా అది సుక్కయ్య నడుముకు వేలాడుతుంటే నా కళ్లు అక్కడే ఉండేవి. సాహెబు రోజుకు ఎన్నిసార్లు అతని వైపు చూసి నవ్వాడో లెక్కపెట్టేవాణ్ని. కొలతలు గీసి చూపడానికి అతను వాడబోయే కలానికి మంచి పాళీ తీసి పాతది పెట్టేవాణ్ని. గీత మందంగా వస్తే లోపల చల్లగా ఉండేది.

మా ఆవిడ ఒకరోజు అన్నం వడ్డిస్తూ అన్నది: "ఇంటికొచ్చినంక గూడ ఆ సుక్కయ్య ముచ్చటేనా? తోలుకొచ్చి మన ఇంట్లనే పెట్టుకోరాదు, రోజూ చూసుకోవచ్చు."

ఆ వేసవిలో మా గదిలో ఒక పెద్దాయన పని మానుకున్నాడు. ఒక కుర్చీ ఖాళీ అయింది. సాహెబు అందరి ముందూ చెప్పాడు, విమానం పని సవ్యంగా ముగిస్తే ఆ కుర్చీ సుక్కయ్యదని. రోజుకూలీ పోయి నెల జీతం వస్తుంది. పెళ్లాం పిల్లలను తర్రెం నుంచి తెచ్చుకోవచ్చు. ఏటా ఆరు నెలలు గుట్టల మీద ఒంటరిగా పడుండక్కర్లేదు. సుక్కయ్య ఆ మాట విని తలగుడ్డ తీసి మళ్లీ చుట్టుకున్నాడు. ఆ కుర్చీ నా పక్కదే.

రెండు మైదానాల మధ్య

విమానం పని ఇది. జగదల్‌పూర్ బయట నేల చదును చేసి విమానాలు దిగే మైదానం ఒకటి తయారుచేశారు. జనం దాన్ని హవాయీ అడ్డా అనేవారు, విమానాన్ని జహాజు అనేవారు. విశాఖపట్నం నుంచి ఒక చిన్న విమానం పరీక్షగా వస్తుంది. సరిగ్గా దిగితే, ఇకమీదట మందులు ఆ దారిన తెప్పించుకోవచ్చు. రెండు మైదానాల మధ్య దూరం ఎంతో, ప్రయాణానికి ఎంతసేపు పడుతుందో చూపిస్తూ మా కచేరీ గడుల పట్టీ ఒకటి తయారు చేయాలి. అక్కడ బయలుదేరగానే తంతి వస్తుంది. పట్టీ చూసుకుని ఆ వేళకు మైదానంలో పొగ పెట్టాలి. మన వైపు ఆకాశం నుంచి చూస్తే సాల అడవి తప్ప మరేమీ కనిపించదు. ఆ పొగే పైలటుకు చోటు చూపిస్తుంది, గాలి ఎటు వీస్తోందో కూడా చెప్తుంది. పొగా, పశువుల కాపలా సుక్కయ్య పని. పట్టీ నా పని.

నక్షాలు అతికించి, ఇత్తడి కొలబద్దతో కొలిచి నూట ఇరవై మైళ్లని రాశాను. సుక్కయ్య తొంగి చూశాడు.

"ఇత్తడి బద్దతోని ఎందుకు కొలుస్తున్నవ్? కాగితం మీదనే అచ్చేసిన బద్ద ఉన్నది గద, దానితోని కొలువు. ఎండలకు కాగితం ముడుసుకుంటది. అచ్చు బద్ద గూడ దానితోనే ముడుసుకుంటది. ఇత్తడి ముడుసుకోదు."

అలా కొలిస్తే నూట ఇరవై రెండు వచ్చింది. అప్పుడే లోపలికి వచ్చిన సాహెబు విన్నాడు. "షాబాష్" అన్నాడు. నాకు కాదు. మీరు ఇప్పటికీ నక్షా కొలిస్తే ఇలాగే కొలవండి. ఇది నేను చెప్పిన కిటుకు అని ఎవరితోనూ అనకండి.

ఆ విమానం గాలి లేనప్పుడు గంటకు ఎనభై అయిదు మైళ్లు పోతుందని రాసి పంపారు. భాగించాను. గంటా ఇరవై ఆరు నిమిషాలు.

చీటీ

సాహెబు ఊళ్ల తనిఖీకి వారం రోజులు దౌరా వెళ్లాడు. మరునాడు సుక్కయ్య ఒక చీటీ తెచ్చాడు. వంకర అక్షరాలు, నేను నేర్పినవే. "రావడం గంటా యాభై. పోవడం గంటా పావు."

"ఇదేంది?"

"జ్యేష్ఠం ఆఖరు గద. కింద ఆకు కదలకున్నా గుట్ట మీద తలగుడ్డ నిలవదు. ఈ నెల నేను పెట్టిన పొగ ఏ ఒక్కనాడు నిలబడి లేవలె, పడమటి నుంచి తూర్పుకే పండుకుంటది. జహాజు గుట్టల మీద నుంచే గద వచ్చేది. గాలికి ఎదురు వస్తది. పోయేటప్పుడు గాలే నూకుతది."

"గాలి ఎంత బలమో నీకెట్ల తెలుసు?"

"పొగ ఒక గుట్ట కాడికెల్లి ఇంకొక గుట్ట కాడికి పొయ్యేదాక అంకెలు లెక్కపెట్టిన. అంకెలు నువ్వే గద నేర్పింది. పట్టీల రెండు గడులు పెట్టు సావుకారి. సాహెబు ఊళ్లె లేడు, లేకుంటే నేనే చెప్పుదును."

లెక్క వేసి చూశాను. సరిగ్గానే ఉంది. సరిగ్గా ఉన్నందుకే ఒళ్లు మండిపోయింది. పట్టీలో రెండు గడులు ఉంటే ఎవరి ఆలోచన అని సాహెబు అడుగుతాడు. ఇంకో షాబాష్. "చూస్తలే" అని చీటీ జేబులో పెట్టుకున్నాను. సాయంత్రం ఇంటికి నడుస్తూ దాన్ని చింపేశాను. పట్టీలో ఒకే గడి గీశాను.

పొగ

తంతి వచ్చింది. పదిన్నరకు బయలుదేరింది. పట్టీ ప్రకారం పన్నెండుకు నాలుగు నిమిషాల ముందు రావాలి. సాహెబు దౌరా నుంచి తిన్నగా మైదానానికి వస్తానని కబురు పంపాడు. అతను వచ్చేదాకా అక్కడ పెద్దను నేను.

పక్క ఊరి మంద రోజూ మధ్యాహ్నం ఇంద్రావతి నీళ్లకు మైదానం దాటే పోతుంది. పశువుల కాపరి రావుత్ బుధ్రామ్ నూట యాభై పశువులను అంచున ఆపి నిలబడ్డాడు. సుక్కయ్య దుంగలు పేర్చి, పచ్చి ఆకు రెండు కుప్పలు చేసి పెట్టుకున్నాడు.

"ఇది మొదటికి. ఇది అరగంట తరువాతకి" అన్నాడు.

"అరగంట తరువాత ఏముంది? పట్టీ చూడలేదా?"

అప్పుడు అర్థమైంది అతనికి. "రెండు గడులు పెట్టలేదా నువ్వు?"

"నువ్వు పొగ పెట్టేటందుకు వచ్చినవ్. వేళ చెప్పేటందుకు కాదు. రెండు కుప్పలూ వెయ్యి, పొగ గట్టిగ కనపడాలె."

వేశాడు. నేను పెద్దను కదా. పొగ మబ్బులా లేచింది. పన్నెండయింది. పన్నెండూ అయిదు. ఆకాశం ఖాళీ. పన్నెండూ పదికి పొగ పలచబడింది. ఆవులు అరుస్తున్నాయి, దూడలు తోసుకుంటున్నాయి. బుధ్రామ్ నా దగ్గరికి వచ్చి హల్బీలో గొణిగాడు, మీ జహాజుకు దాహం లేదేమో, నా పశువులకు ఉంది అని.

సుక్కయ్య అన్నాడు, "ఇంక పావుగంట ఆపు. వస్తది."

అతను ఆ మాట అనకపోతే నేను ఆపి ఉండేవాణ్నేమో. ఎన్నో ఏళ్లు దీన్ని తిప్పి తిప్పి చూసుకున్నాను. విమానం ఇంకో పావుగంటలో వస్తే అతని మాట నెగ్గినట్టు. ఎదురుచూడటమే నాకు ఓటమిలా తోచింది. "ఇంక రాదు, పశువులను వదిలెయ్" అన్నాను.

చప్పుడు వినిపించేసరికి మంద సగం దాటింది. సుక్కయ్య కర్ర పట్టుకుని మధ్యలోకి పరుగెత్తాడు. విమానం చోటు గుర్తుపట్టలేక రెండుసార్లు చుట్టూ తిరిగింది. గాలి ఎటుందో చెప్పే పొగ లేదు. వెనక గాలితో దిగి, ఆగలేక, ఒక ఆవును కొట్టి, చివరి కాలువలో ముక్కు గుచ్చుకుంది. పైలటు చెయ్యి విరిగింది. సుక్కయ్య తోలకపోయి ఉంటే ఇంకా ఎన్ని పశువులు పోయేవో, ఆ మనిషి బతికేవాడో లేదో చెప్పలేను.

సాహెబు వచ్చేసరికి అంతా అయిపోయింది. మండిపడుతూ అడిగాడు, పొగ ఎవరి పని, పశువులు ఎవరి పని?

సుక్కయ్య నా వైపు చూశాడు. నేను చెప్తానని చూశాడు.

"సుక్కయ్య పని సాబ్" అన్నాను.

అబద్ధం కాదు. అందుకే అంత సులువుగా నోట్లోంచి వచ్చింది. ఆ సాయంత్రమే అతన్ని పని నుంచి తీసేశారు. దిక్సూచి నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

అయిదు నెలలు

మరో వారానికి సాహెబు నాతో అన్నాడు, "ఆ మనిషిని నేను తప్పుగా అంచనా వేశాను." ఆ మాట కోసం ఎన్నాళ్లుగానో కాచుకున్నాను. వచ్చాక సంతోషం కలగలేదు. అయినా వానాకాలమంతా నోరు మూసుకునే ఉన్నాను. ఖాళీ కుర్చీలోకి రాయపూర్ నుంచి ఒకతను వచ్చాడు. మంచివాడు, పని రాదు. అతని మీద నాకు అసూయ పుట్టలేదు. అప్పుడు నా బుద్ధి నాకు పూర్తిగా కనిపించింది.

పనిలోకి వచ్చే పిల్లలకు ఒక మాట. ఎవరిని చూస్తే మీ కడుపు మండుతుందో, పనిలో మీరు నేర్చుకోవలసింది వాళ్ల దగ్గరే ఉంది. మంటను ఆపలేకపోవచ్చు. చీటీ చింపకుండా ఆపగలరు.

కార్తీకంలో సాహెబు దగ్గరికి వెళ్లి చెప్పాను. అరవలేదు.

"చీటీ ఏది?"

"చింపేశాను సాబ్."

"మరి నిన్నెలా నమ్మను? జాలిపడి ఇప్పుడు అబద్ధం చెప్తున్నావేమో."

"జాలి ఉంటే ఆ రోజే చెప్పేవాణ్ని."

కాగితం నా వైపు తోశాడు. రాసివ్వమన్నాడు. రాశాను. కానీ ఖాళీ కుర్చీ లేదుగా అన్నాడు. ఉందని చెప్పాను, నాది. నన్ను గుట్టల పనికి పంపమన్నాను. నా పొట్ట వైపు చూసి, "అతను వస్తానంటే చూద్దాం" అన్నాడు.

తర్రెం

గీదం దాకా లారీ, అక్కణ్నుంచి ఎడ్లబండ్లు, బాసగూడ నుంచి నడక. ఊరంతా కోతల్లో ఉంది. సుక్కయ్య ఇంటి ముందు కూర్చుని అడ్డతీగ నారతో తాడు పేనుతున్నాడు.

"ఏంది సావుకారి, తోవ తప్పినవా?"

"నీ కోసమే వచ్చిన." సాహెబుకు రాసిచ్చింది చెప్పాను. తాడు పేనడం ఆపలేదు.

"కోతకు పోలేదా?" అని అడిగాను, ఏం అడగాలో తెలియక.

"ఏం కొయ్యాలె? అదిగో నా చేను." చూపించాడు. గడ్డి మోకాళ్ల దాకా ఉంది. "సర్కారు జహాజు ఇరగ్గొట్టినోడని ఊళ్లె ఎవరూ ఎడ్లు ఇయ్యలె. నా ఎనక సిపాయిలు వస్తరని భయం. తప్పు వాళ్లది కాదు. సాహెబుకు చెప్తే నాకేం ఒరిగింది? ఈడ చెప్పు."

పటేలు వాకిట్లో జనం కూడారు. నేను తెలుగులో చెప్పాలి, సుక్కయ్య దోర్లిలో చెప్పాలి. మొదటి నుంచి చెప్పుకొచ్చాను, కుర్చీ సంగతి, చీటీ సంగతి. అంతా విని అతను నాలుగు ముక్కలు చెప్పి ఊరుకున్నాడు. నాకు దోర్లి కొద్దిగా తెలుసు.

"లెక్క తప్పిందని చెప్పినవ్. నేను గట్ల చెప్పలె" అన్నాను అతనితో.

"తొందరగ కానియ్. వాళ్లకు కోతలున్నయ్."

"నువ్వు నాకంటె బాగ చేస్తున్నవని ఓర్వలేక చేసిన. అది చెప్పు."

సుక్కయ్య నేల వైపు చూశాడు. "నేను బాగ చేస్తనని నా నోటితోని నేనెట్ల చెప్పుకోను?"

దాంతో నేనే మొదలుపెట్టాను, నాకొచ్చిన దోర్లిలో. మాటలు తప్పుతుంటే ఆడవాళ్లు నవ్వారు. పటేలు చెయ్యెత్తి ఆపాడు. రెండోసారి చెప్పాను, ఇతను మంచి పనివాడు, నాకు కళ్లు మండి ఇతని కాగితం చింపాను, నింద పడుతుంటే ఊరుకున్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

పటేలు ఒక్కటే అడిగాడు, ఎన్ని నెలలు ఊరుకున్నావని.

అయిదు నెలలన్నాను.

"మేము గూడ అయిదు నెలలు ఎడ్లు ఇయ్యలె" అన్నాడు, తన వాళ్ల వైపు తిరిగి. ఆ ఇంటివాళ్లూ ఈ ఇంటివాళ్లూ తలలు వంచుకున్నారు. అప్పటికప్పుడు ఎవరెవరు ఎన్ని గంపల వడ్లు సుక్కయ్య ఇంట్లో పొయ్యాలో తేల్చారు. నా వంతు ఎంతని అడిగాను. బయటివాడి వడ్లు మాకెందుకన్నాడు పటేలు.

సుక్కయ్య వాగు దాకా సాగనంపాడు. "వస్త. నీ కోసం కాదు. పిల్లలు తినాలె."

పుష్యమాసంలో పెళ్లాం పిల్లలతో జగదల్‌పూర్ వచ్చి నా కుర్చీలో కూర్చున్నాడు. మరునాడే నేను గొలుసువాళ్లతో బయలుదేరాను. ఓర్వలేనితనం పోయిందా అంటే, పోలేదు. సాహెబు అతని పనిని మెచ్చుకున్నాడని విన్నప్పుడల్లా లోపల చురుక్కుమనేది. కాకపోతే అప్పుడు నేను అడవిలో ఉండేవాణ్ని, నా చేతికి అందేంత దూరంలో అతని కాగితాలు ఉండేవి కావు.

సంస్థానం పోయి కొత్త సర్కారు వచ్చాక కూడా, పద్నాలుగేళ్లు బయటి పనే చేశాను. నా కొలతలన్నీ సుక్కయ్య బల్ల మీదికే వెళ్లేవి. నచ్చనివి తిప్పి పంపేవాడు. పక్కన కారణం రాసేవాడు కాదు, ఊరికే ఒక గీత. కొన్నింటిని రెండేసి సార్లు పంపాడు. నేను మళ్లీ వెళ్లి కొలిచి తెచ్చేవాణ్ని.